మైత్రిలో ఒక శీతకాలం ఉండి వచ్చాను, మళ్ళీ వెళ్ళవచ్చా?

ప్రశ్న (దేవరకొండ):
అందరికీ నమస్కారం. నేను జనరేటర్ మెకానిక్‌ను. మూడేళ్ళ కిందట అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో శీతకాలమంతా పనిచేసి వచ్చాను. ఈసారి అంటార్కిటికాలోనే ఉన్న మన మరో కేంద్రం భారతికి పిలుపు వచ్చింది, మళ్ళీ ఏడాదికి పైనే. పని నాకిష్టం. చెల్లి పెళ్ళికి చేసిన అప్పు కూడా ఇంకా తీరలేదు. కానీ నాన్నకు 68 ఏళ్ళు, నిరుడు గుండెకు స్టెంటు వేశారు. ‘పోయిరా బిడ్డా’ అంటాడు గానీ, ఆ మాట ఎత్తగానే లేచి వాకిట్లోకి వెళ్ళిపోతాడు. రెండోసారి వెళ్ళినవారు ఉంటే చెప్పండి.

సమాధానం (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, నేను రెండు శీతకాలాలు చూసినవాడిని. ముందు పని సంగతి. మైత్రి 1989 నాటిది, నీళ్ళు పక్కనున్న ప్రియదర్శిని సరస్సు నుంచి వస్తాయి. భారతి అక్కడికి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది. 134 షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు, 2012లో మొదలైంది. యంత్రాల అమరిక వేరు. పాత బృందం ఓడ ఎక్కకముందే ప్రతి గొట్టం, ప్రతి వాల్వు వాళ్ళను వెంటబెట్టుకుని చూసుకోండి. పళ్ళు ఇక్కడే బాగుచేయించుకుని వెళ్ళండి.

మొదటి ఏడాది భయంతో నేను చేతి తొడుగు తీయనే లేదు. రెండో ఏడాది, ఒక్క బోల్టే కదా అని వట్టిచేత్తో స్పానర్ పట్టుకున్నాను. వేళ్ళ కొసలు ఇనుముకు అంటుకుపోయాయి. లాగితే రెండు వేళ్ళ చర్మం పొర స్పానర్ మీదే ఉండిపోయింది. అలవాటైన చోటే చెయ్యి ఏమరుతుంది.

ఇక నాన్న విషయం. చివరి ఓడ వెళ్ళిపోయాక మళ్ళీ వేసవి దాకా రాకపోకలు ఉండవని మీకు తెలుసు. నా రెండో శీతకాలంలో, సూర్యుడు కనిపించని ఆ రెండు నెలల్లోనే మా అమ్మ పోయింది. ఇంట్లోవాళ్ళు తొమ్మిది రోజులు నాకు చెప్పలేదు. నా మంచికే అనుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ నేను ఫోనులో ‘అమ్మ ఏం చేస్తోంది’ అని అడుగుతూనే ఉన్నాను, తమ్ముడు ‘పడుకుంది’ అంటూనే ఉన్నాడు. అమ్మ పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ ‘పడుకుంది’ ఒక ఎత్తు. వాడితో మామూలుగా మాట్లాడటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అందుకే మీ నాన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి: ఏమైనా జరిగితే నాకు వెంటనే చెప్పాలా, తలకొరివి ఎవరు పెట్టాలి? అడగడానికి నోరు రాదు. అయినా అడగండి. ఆయన ఒప్పుకోకపోతే వేసవి బృందంలో చోటు అడిగి చూడండి. మూడు నాలుగు నెలల్లో ఇంటికి వచ్చేస్తారు.

సమాధానం (సూర్యాపేట):
అన్నా, మా ఆయన అక్కడ వంట పని మీద ఒక ఏడాది ఉన్నారు. ఇంట్లో నేను పడిన బాధ మీ ఇంట్లోవాళ్ళు పడకూడదని రాస్తున్నాను. బ్యాంకు ఓటీపీలన్నీ ఆయన నంబరుకే, ఆ సిమ్ము ఆయన దగ్గరే. పంట రుణం రెన్యువల్‌కు ఆయన సంతకం కావాలన్నారు. నాట్ల సమయంలో బోరు మోటారు కాలిపోతే, ఖాతాలో డబ్బుండి కూడా వడ్డీకి తెచ్చాను. మీ సిమ్ము ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఖాతాలో వదిన పేరు చేర్పించండి. పొలం పనులకు ఆమె పేరున ముఖ్తారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) రాసి, రిజిస్టర్ చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి అన్నం తిన్నాక నాన్నను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘దాచవద్దు, ఆ రోజే చెప్పాలి. కొరివి మీ చిన్నాన్న కొడుకు పెడతాడు, వాడితో నేను మాట్లాడతాను’ అన్నాడు. ఈసారి లేచి వెళ్ళలేదు. అయినా నా మనసు వేసవి వైపే ఉంది, రేపు వాళ్ళకు రాస్తున్నాను. చెల్లెమ్మా, ముఖ్తారునామా దేవరకొండలోనే అవుతుందా?

సమాధానం (సూర్యాపేట):
అవుతుంది అన్నా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. ఇద్దరు సాక్షులను, అందరి ఆధార్ కార్డులను తీసుకుని వెళ్ళండి. వదినను కూడా వెంట తీసుకెళ్ళండి.