గిల్డెన్‌స్టర్న్ ఒక్కడా, అరడజను మందా? కరపత్రం రేపు అచ్చుకు వెళ్లాలి

ప్రశ్న వేసిన సభ్యుడు:

అందరికీ నమస్కారం. మా కళాశాల పూర్వ విద్యార్థులం కలిసి వచ్చే నెల 'హామ్లెట్'ను తెలుగులో వేస్తున్నాం. అనువాదం మాదే, అందులో తప్పులూ మావే. ప్రేక్షకులకు పంచే కరపత్రం రేపు సాయంత్రానికి అచ్చుకు వెళ్లాలి. హామ్లెట్ చిన్ననాటి స్నేహితులు రోజెన్‌క్రాంట్స్, గిల్డెన్‌స్టర్న్‌ల గురించి నాలుగు వాక్యాలు రాసే పని నా నెత్తిన పడింది. వెతకబోతే గిల్డెన్‌స్టర్న్ అన్న పేరుతో అరడజను మంది తగిలారు. ఒకాయన బిషప్పు, ఒకాయన లండన్ వెళ్లిన ప్రభువు, ఒకావిడ స్టాక్‌హోమ్‌ను కాపాడేందుకు నిలబడిన వీరవనిత. అందరినీ కలిపి ఇలా రాసుకున్నాను:

"గిల్డెన్‌స్టర్న్ కల్పిత పాత్ర కాదు. 1592లో లండన్ వెళ్లిన డెన్మార్క్ ప్రభువు. 1520లో స్టాక్‌హోమ్ కోసం పోరాడిన క్రిస్టీనాకు మనవడు."

దర్శకుడు చదివి, "ఈ చుట్టరికం ఎక్కడ దొరికింది?" అన్నాడు. నీళ్లు నమిలాను. పేరు ఒకటే కదా అని కలిపేశానన్న మాట అతనితో అనలేదు, మీతో అంటున్నాను.

నా సందేహాలు మూడు. ఈ ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్లేనా? పేరును తెలుగులో ఎలా రాయాలి? మా నటులకు నోరు తిరగడం లేదు కాబట్టి హాయిగా తెలుగు పేర్లు పెట్టేసుకుంటే తప్పా?

విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు:

బాబూ, ముందు ఆ మనవడిని తీసేయండి. మిగతాది తీరిగ్గా సర్దుకోవచ్చు.

గిల్డెన్‌స్టర్న్ అనేది ఇంటిపేరు. రోజెన్‌క్రాంట్స్ కూడా అంతే. నాటకంలో ఈ ఇద్దరికీ సొంత పేర్లు లేనే లేవు. ఇంటిపేరుతో పిలుచుకోవడం మనకు కొత్తేమీ కాదు. గురజాడ అంటే ఫలానా వారని అందరికీ తెలుస్తుంది. అలాగని ఆ ఇంటిపేరున్న వారంతా 'కన్యాశుల్కం' రాయలేదు కదా! మీ కరపత్రంలో జరిగింది అదే.

డెన్మార్క్‌లో ఈ రెండూ చాలా పెద్ద ప్రభు కుటుంబాలు. అసలు అక్కడి ప్రభువులకు స్థిరమైన ఇంటిపేర్లు ఉండాలని మొదటి ఫ్రెడరిక్ రాజు 1526లో ఆజ్ఞ ఇచ్చాడు. అంతకు ముందు వాడుకలో ఉన్నది తండ్రి పేరు: ఫలానా వాడి కొడుకు, ఫలానా వాడి కూతురు. ఆజ్ఞ వచ్చాక చాలామంది తమ డాలు మీద ఉన్న గుర్తునే ఇంటిపేరు చేసుకున్నారు. 'గిల్డెన్' అంటే బంగారు, 'స్టియెర్న' అంటే నక్షత్రం. ఆ వంశం డాలు మీద ఉన్నది నీలం నేల మీద బంగారు చుక్క. రోజెన్‌క్రాంట్స్ అంటే గులాబీల దండ; జపమాలకూ అదే మాట. మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చాయి, వాళ్లవి డాళ్ల నుంచి వచ్చాయి.

ఇక క్రిస్టీనా సంగతి. ఆమె స్వీడన్ శాఖకు చెందినది. అక్కడ ఈ ఇంటిపేరు రూపం వేరు, ఉచ్చారణ మరీ వేరు: మొదటి అక్షరం 'గ' కాస్తా 'య' అవుతుంది. ఆమె బతికిన కాలంలో ఆమె నీల్స్ కూతురు క్రిస్టీనా. భర్త స్టెన్ స్టూరె స్వీడన్ పాలకుడు. 1520 మొదట్లో డేన్ సైన్యంతో పోరాడి గాయపడి చనిపోయాడు. క్రిస్టీనా స్టాక్‌హోమ్‌ను పట్టుకుని నిలబడింది. డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ అందరికీ క్షమాభిక్ష రాసిస్తే అప్పుడు లొంగిపోయింది. నవంబరులో పట్టాభిషేకం ముగిసిన వెంటనే అతడు ఆ మాట తప్పాడు. దాదాపు వంద మంది తలలు తెగాయి. ఆమెను బందీగా డెన్మార్క్‌కు తీసుకుపోయారు.

అంటే ఆమె కాపాడేందుకు నిలబడిందన్న మీ మాట నిజమే, కాపాడలేకపోయింది. చివరికి నగరం పడిపోయింది.

డెన్మార్క్‌లో ఉంటున్న సభ్యుడు:

మేడమ్ చెప్పినదానికి కొనసాగింపు. బిషప్పు కథ చదవకుండా కరపత్రం అచ్చు వేయకండి, మీ నాటకానికి అంత దగ్గరగా ఉంటుంది.

ఆ రెండో క్రిస్టియన్‌నే 1523లో సింహాసనం నుంచి తరిమేశారు. 1531లో నార్వే మీదుగా తిరిగి వచ్చే ప్రయత్నం చేశాడు. 1532లో అతనితో మాట్లాడడానికి డెన్మార్క్ నుంచి నౌకలతో వెళ్లిన నాయకుడు ఓడెన్సె బిషప్పు, పేరు క్నూడ్ గిల్డెన్‌స్టియెర్న. "మీ ప్రాణానికీ స్వేచ్ఛకూ భయం లేదు, కోపెన్‌హాగెన్ వచ్చి రాజుతో మాట్లాడుకోండి" అని అభయపత్రం ఇచ్చి ఓడ ఎక్కించుకున్నాడు. కోపెన్‌హాగెన్ చేరాక అప్పటి రాజు మొదటి ఫ్రెడరిక్ ఆ పత్రం చెల్లదన్నాడు. ఓడ అక్కడి నుంచి సోండర్‌బోర్ కోటకు వెళ్లింది. క్రిస్టియన్ 1559లో చనిపోయేదాకా బందీగానే ఉన్నాడు.

ఇప్పుడు 'హామ్లెట్' గుర్తు చేసుకోండి. రాజవంశీకుడిని ఓడ ఎక్కించి, చేతిలో ఒక పత్రంతో, అతనికి చేటు జరిగే చోటికి తీసుకుపోయే గిల్డెన్‌స్టర్న్! మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంకో విచిత్రం, 1520లో క్రిస్టీనాకు ఇచ్చిన మాట తప్పినవాడికే 1532లో అదే ఇంటిపేరున్న మనిషి ఇచ్చిన మాట చెల్లకుండా పోయింది. క్రిస్టీనా చనిపోయింది కూడా 1559లోనే.

కానీ దీన్ని "షేక్‌స్పియర్ ఇక్కడి నుంచే తీసుకున్నాడు" అని మాత్రం రాయకండి. మూలకథను 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట రాసిన డేనిష్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ పుస్తకంలోనే ఓడలో వెంట వెళ్లే ఇద్దరు సేవకులున్నారు, వాళ్ల దగ్గర చెక్క మీద చెక్కిన సందేశమూ ఉంది. పేర్లు మాత్రం లేవు. పేర్లు పెట్టడం తరువాతి పని.

మరో జాగ్రత్త: ఈ బిషప్పు పేరూ క్నూడే, 1592లో లండన్ వెళ్లినవాడి పేరూ క్నూడే. మొదటివాడు 1568లో పోయాడు, రెండోవాడు 1575లో పుట్టాడు. ఇద్దరినీ ఒక్కరిని చేయకండి.

మరో సభ్యుడు:

ఇంత తర్కం ఎందుకండీ? 1592లో ఫ్రెడరిక్ రోజెన్‌క్రాంట్స్, క్నూడ్ గిల్డెన్‌స్టియెర్న ఇద్దరూ కలిసి లండన్ వెళ్లారు. అప్పటికి షేక్‌స్పియర్ లండన్‌లోనే ఉన్నాడు. ఇద్దరూ విట్టెన్‌బర్గ్‌లో చదివినవాళ్లు, హామ్లెట్ చదువు కూడా అక్కడే. ఇంకేం కావాలి?

డెన్మార్క్‌లో ఉంటున్న సభ్యుడు:

కలిశారనడానికి ఒక కాగితం కావాలి అన్నగారూ, అదే లేదు. ఒకే ఏడాది ఒకే నగరంలో ఉన్నంత మాత్రాన పరిచయం అయిపోదు. పైగా పేర్లు లండన్ చేరడానికి వేరే దారులూ ఉన్నాయి. 1586లో విల్ కెంప్, జార్జ్ బ్రయాన్, థామస్ పోప్ అనే ఇంగ్లీషు నటులు హెల్సింగోర్‌లో, అంటే నాటకంలోని ఎల్సినోర్‌లో, డెన్మార్క్ రాజు కొలువులో పనిచేశారు. తరువాత ఈ ముగ్గురూ షేక్‌స్పియర్ ఉన్న నాటక బృందంలో చేరారు.

ఇంకో దారి బొమ్మ. ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహె చిత్రపటం ఒకటి రాగిరేకు మీద చెక్కి అచ్చువేశారు. మధ్యలో కమాను కింద ఆయన, వేలాడే మీసాలు, మెడ చుట్టూ కుచ్చుల పట్టీ. కమాను చుట్టూ, రెండు స్తంభాల మీదా ఆయన పూర్వీకుల కుటుంబాల డాళ్లు చిన్న చిన్నగా ఉంటాయి. ఒక్కో డాలు కింద ఇంటిపేరు చీమల బారులా చెక్కి ఉంటుంది. నేను భూతద్దం పెట్టి వెతికితే రోజెన్‌క్రాన్స్, గుల్డెన్‌స్టెరెన్ రెండూ దొరికాయి. ఈ బొమ్మ ప్రతులను టైకో 1590లో ఇంగ్లండ్‌లోని ఒక పండితుడికి పంపాడు. ఏ దారిన వచ్చాయో తేల్చలేం గానీ, డెన్మార్క్ ప్రభువులకు పెట్టడానికి అచ్చమైన డెన్మార్క్ పేర్లు కావాలనుకున్న రచయితకు అవి దొరకని రోజులు కావవి.

కరపత్రంలో చోటుంటే ఫ్రెడరిక్ గురించి ఒక మాట రాయండి. నాటకంలోని రోజెన్‌క్రాంట్స్ కన్నా ఇతని బతుకే పెద్ద నాటకం. రాణి పరిచారిక రిగ్‌బోర్ బ్రోకెన్‌హూస్ ఇతని వల్ల గర్భవతి అయింది. అతనికి రెండు వేళ్లు నరికి ప్రభుత్వ హోదా తీసేయాలని తీర్పు వచ్చింది. తరువాత దాన్ని తుర్కులతో యుద్ధానికి వెళ్లే శిక్షగా మార్చారు. 1602లో ఎవరో ఇద్దరు కత్తులు దూసుకుంటే విడదీయబోయి చనిపోయాడు. ఆ అమ్మాయిని కన్నతండ్రే ఎగెస్కోవ్ కోటలో బంధించాడు. ఆయన పోయేదాకా, అంటే 1604 వరకు, విడుదల లేదు.

విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు:

"ప్రభుత్వ హోదా" అంటే చదివేవాళ్లు సర్కారు ఉద్యోగం అనుకుంటారు. "ప్రభువు హోదా" అనండి.

డెన్మార్క్‌లో ఉంటున్న సభ్యుడు:

నిజమే మేడమ్. ఇన్నేళ్లు బయట ఉంటే ఇలాగే అవుతుంది.

రంగస్థలం మీద ముప్ఫై ఏళ్లున్న సభ్యుడు:

చరిత్ర మీరంతా చూసుకుంటున్నారు, నేను మూడో ప్రశ్నకు వస్తాను.

పేర్లు మార్చడం తప్పేమీ కాదు. కందుకూరి 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి' చేసినప్పుడు కథ మొత్తాన్నీ మన వాతావరణంలోకి తెచ్చారు. అలా మొత్తం మారిస్తే అందం. మీరు హామ్లెట్‌ను హామ్లెట్‌గానే ఉంచి, ఎల్సినోర్‌ను ఎల్సినోర్‌గానే ఉంచి, ఈ ఇద్దరిని మాత్రం పుష్పమాల, స్వర్ణతార అంటే డెన్మార్క్ కోటలోకి ఇద్దరు నాట్యగత్తెలు వచ్చారనుకుంటారు జనం.

ఇంకో చిక్కు ఉంది. రెండో అంకం రెండో రంగంలో రాజు, "కృతజ్ఞతలు రోజెన్‌క్రాంట్స్, సౌమ్యుడివైన గిల్డెన్‌స్టర్న్" అంటాడు. వెంటనే రాణి, "కృతజ్ఞతలు గిల్డెన్‌స్టర్న్, సౌమ్యుడివైన రోజెన్‌క్రాంట్స్" అంటుంది. చాలా ప్రదర్శనల్లో రాజు ఎవరు ఎవరో పోల్చుకోలేక తప్పు మనిషి వైపు చూస్తాడు, రాణి సర్దుతుంది. ఇంగ్లీషులో రెండు పేర్లకూ మూడేసి విరుపులే కాబట్టి అటుదిటు చేసినా పంక్తి నడక చెడదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టారా, ఆ నవ్వు పోయింది. మీ అనువాదంలో "మీ ఇద్దరికీ కృతజ్ఞతలు" అని కుదించేసి ఉంటే దయచేసి మళ్లీ విప్పండి.

పలకడానికి: రో-జెన్-క్రాంట్స్, గిల్-డెన్-స్టర్న్. మొదటి విరుపు మీద ఊనిక, చివరిది చటుక్కున వదిలేయాలి. మా కుర్రాళ్లకు మృదంగం దరువు మీద చెప్పించాను, రెండు రోజుల్లో పట్టుబడింది. రాతకు భయపడకండి. 1603 ముద్రణలో ఈ ఇద్దరూ రాసెన్‌క్రాఫ్ట్, గిల్డర్‌స్టోన్. 1623 నాటి సంపుటంలో ఇంకో రకం. ఇంగ్లీషువాడికే కుదరని వర్ణక్రమం కోసం మీరు నిద్ర మానుకోవడం దేనికి? "గిల్డెన్‌స్టర్న్" అని ఒకచోట రాశారంటే అన్నిచోట్లా అదే రాయండి, చాలు. చరిత్రలోని మనుషులకు మాత్రం డేనిష్ రూపం "గిల్డెన్‌స్టియెర్న" వాడితే పాత్ర ఎవరో, మనిషి ఎవరో చూడగానే తెలిసిపోతుంది.

అన్నట్టు, పిల్లనగ్రోవి రంగంలో హామ్లెట్ నిలదీసేది గిల్డెన్‌స్టర్న్‌ను. "ఇది వాయించు" అంటాడు, ఇతను "రాదు ప్రభూ" అంటాడు, "మరి నన్ను వాయించగలననుకున్నావా?" అని హామ్లెట్ విరుచుకుపడతాడు. అక్కడ వాడేది ముఖానికి ఎదురుగా నిలువుగా పట్టే వేణువు. మన కృష్ణుడి భంగిమలో అడ్డంగా పట్టించకండి. స్పాంజి అని తిట్టు తినేది రోజెన్‌క్రాంట్స్. నటులు ఇద్దరూ ఈ రెండు చోట్లు గట్టిగా పట్టుకుంటే ప్రేక్షకులకు ఎవరు ఎవరో గుర్తుంటారు.

ప్రశ్న వేసిన సభ్యుడు:

అందరికీ పేరుపేరునా, అంటే ఇంటిపేరుపేరునా, కృతజ్ఞతలు. "మీ ఇద్దరికీ" అని కుదించిన పాపం మాదే, ఇప్పుడే విప్పాం. మా దర్శకుడు నీలం గుడ్డ మీద బంగారు చుక్క కుట్టించి గిల్డెన్‌స్టర్న్ అంగీకి, గులాబీల దండ కుట్టించి రోజెన్‌క్రాంట్స్ అంగీకి పెట్టిస్తానంటున్నాడు. రాజు ఆ చుక్కను చూసి కూడా తికమక పడితే ఇంకా బాగుంటుందట. కొత్త చిత్తు ఇది:

"రోజెన్‌క్రాంట్స్, గిల్డెన్‌స్టర్న్ కల్పిత పాత్రలు. వారి ఇంటిపేర్లు మాత్రం డెన్మార్క్‌లోని రెండు ప్రభు కుటుంబాలవి. ఆ కుటుంబాలకు చెందిన ఫ్రెడరిక్ రోజెన్‌క్రాంట్స్, క్నూడ్ గిల్డెన్‌స్టియెర్న 1592లో లండన్ వెళ్లారు. షేక్‌స్పియర్ వారిని కలిసినట్టు ఆధారం లేదు. 1532లో అదే ఇంటిపేరున్న ఒక బిషప్పు, పదవి కోల్పోయిన రాజును అభయపత్రంతో ఓడ ఎక్కించుకుని వచ్చాడు. ఆ రాజు చెరసాల పాలయ్యాడు. బంగారు చుక్క గిల్డెన్‌స్టియెర్నల దాలు మీది గుర్తు."

నాలుగే వాక్యాలన్నారు, ఏడయ్యాయి. క్రిస్టీనాకు చోటు దొరకలేదు.

విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు:

ఏడు ఉండనివ్వండి. చివరి వాక్యంలో "దాలు" అని పడింది, "డాలు" చేయండి.