లోపమ్ము ‘కెర్నెలా’, ‘కెర్నెలే’?

పాతతీగ: లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2.2 రోజుల్లో, అంటే 1999 ప్రాంతంలో, మోడెమ్ (ఫోన్ లైన్ మీద నెట్‌కి కలిపే కార్డు) తిప్పల మీద ఎవరో సరదాకి కట్టిన ఆటవెలది ఒకటి పొద్దుట్నుంచి వదలట్లేదు.

లోని మోడెముండ లోపమ్ము కెర్నెలా
పోర్టు దొరకదన్న పోరు పోదు

మూడో పాదం ఎగిరిపోయింది. నాలుగోది మాత్రం గట్టిగా గుర్తుంది:

ఇరుకు నంబరొకటె యిద్దరికిని

మొదటి పాదం చివర ‘కెర్నెలా’నా, ‘కెర్నెలే’నా? అంటే, లోపం కెర్నెల్‌దా అని ఎదురు ప్రశ్నా, కెర్నెల్‌దే అని తీర్పా? పూర్తి పాఠం ఎవరి దగ్గరైనా ఉందా?

యతిప్రియ: లా అయినా లే అయినా గురువే, చివరిది ర-గణమే. ఛందస్సు తీర్పు చెప్పదు, అర్థాన్నే అడగాలి. నా ఓటు ‘లే’కి. కెర్నెల్‌ని సీరియల్ సపోర్ట్ (మోడెమ్ వాడుకునే పోర్టుల డ్రైవర్) లేకుండా కంపైల్ చేసుకుని, ఆనక మోడెమ్‌ని తిట్టేవాళ్లను వెక్కిరించే పద్యం ఇది.

మెనూకాన్ఫిగ్: అదెలా అండీ? కెర్నెల్ సెట్టింగుల్లో ‘క్యారెక్టర్ డివైసెస్’లోకి వెళ్లి స్టాండర్డ్ సీరియల్‌కి వై కొట్టినా పోర్టు దొరకని కార్డులు బోలెడు. చాలా విన్‌మోడెమ్‌ల మీద (విండోస్ సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకున్న చౌక మోడెమ్‌లు) అసలు యూఆర్ట్ (సీరియల్ పోర్టు నడిపే చిప్) ఉండదు, మాడ్యులేషన్ పని కూడా సీపీయూ నెత్తినే. డ్రైవర్ లేకపోవడం కెర్నెల్ పాపమా? కవి ఎత్తిపొడుస్తున్నాడు. ‘లా’నే.

ఉప్పుకప్పురం: ఈ సంగతి వేమన ఎప్పుడో చెప్పేశాడు కదా. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు.’ స్లాట్‌లో దిగాక అసలు మోడెమూ విన్‌మోడెమూ ఒకేలా కనిపిస్తాయి, డయల్ చేస్తేగానీ జాడ తెలీదు! అన్నట్టు ఆ పాదంలో ‘ఉ’కి ‘నొక్క’లో దాక్కున్న ‘ఒ’తో యతి కలపడం చూడండి. వెతుక్కున్నట్టే ఉండదు.

యతిప్రియ: స్వరయతి, అచ్చుకి అచ్చుతో కుదిరేది. మన ‘ఇరుకు–యిద్దరి’ కూడా ఆ బాపతే. అయినా వేమన పంథాలో రాస్తే నాలుగో పాదం మకుటానికి పోవాలిగా మాస్టారూ. ఇక్కడ మకుటం లేదు.

మెనూకాన్ఫిగ్: ‘ఇరుకు’ మీద నాకో సిద్ధాంతం ఉంది. అది ఇరుకు కాదు, ఐఆర్‌క్యూ, అంటే పరికరం సీపీయూని పిలిచే ఇంటరప్ట్ లైన్ నంబరు. సీరియల్ పోర్టుల్లో కామ్1కీ కామ్3కీ రివాజుగా 4, కామ్2కీ కామ్4కీ 3. సీరియల్ మౌస్ కామ్1 మీద, ఐఎస్ఏ (పాతకాలపు స్లాట్) మోడెమ్ కామ్3 మీద ఉంటే డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోయేది. కార్డు మీది జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న తొడుగు) మార్చి మోడెమ్‌ని 5కి పంపాలి, సెట్‌సీరియల్ కమాండ్‌తో టీటీవైఎస్2కి (లినక్స్‌లో కామ్3 పేరు) అదే నంబరు చెప్పాలి. మనం చెప్పకపోతే కెర్నెల్ పాత 4నే పట్టుకుని కూర్చుంటుంది.

యతిప్రియ: చూశారా, మీ నోటితోనే అన్నారు. పట్టుకుని కూర్చునేది కెర్నెలే. ‘లే’.

మెనూకాన్ఫిగ్: ఊరుకోండి సార్. ఇంటరప్ట్‌లు పంచుకునే ఆప్షన్‌కి వై కొట్టినా, ఐఎస్ఏ బస్ మీద రెండు మామూలు కార్డులు ఒకే లైన్ లాగుతుంటే కెర్నెల్ చేయగలిగింది లేదు. అది హార్డ్‌వేర్ తగువు. ‘లా’.

పాతతీగ: అయితే ‘ఇద్దరు’ అంటే మౌసూ మోడెమూ అన్నమాట! మూడో పాదం ఇదేనేమో: ‘మౌసు కొక్క పోర్టు మోడెమ్ము కొకపోర్టు’?

యతిప్రియ: గణాలు సరిపోయాయి, యతి చెడింది. ‘మౌ’లో ఔ, ‘మో’లో ఓ. ఔకి అ, ఆ, ఐలతోనే మైత్రి. ఆ కవి ఇంత పొరపాటు చేయడు.

ఉప్పుకప్పురం: ‘మూషికమున కొకటి మోడెమ్ము కొకపోర్టు’ అనుకోండి. ‘మూ’కి ‘మో’ హాయిగా సరిపోతుంది.

మెనూకాన్ఫిగ్: ఆ మూషికం పీఎస్/2 జాతిదైతే (సీరియల్ పోర్టు అక్కర్లేని గుండ్రటి ప్లగ్గుది) దాని ఐఆర్‌క్యూ 12. ఎవరితోనూ పేచీ లేదు, పద్యమే అక్కర్లేదు.