కొవాల్‌స్కి: కమ్మరి పేరా, ప్రభువుల పేరా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. పోలండు వారి ఇంటిపేర్లలో ‘కొవాల్‌స్కి’ తరచుగా కనిపిస్తుంది. దానికి మూలం కమ్మరి వృత్తి అని ఒకచోట చదివాను. చివర ‘స్కి’ ఉన్న పేర్లన్నీ ఒకప్పటి భూస్వామి వంశాలవని మరొకచోట చదివాను. కొలిమి దగ్గర కూర్చునేవాడికి ప్రభువుల తోక ఎలా వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం:

మీరు చదివినవాటిలో మొదటిది నిజం, రెండోది సగమే నిజం. చిక్కంతా ‘స్కి’లోనే ఉంది కనుక మూలపదం సంగతి ముందుగా ముగిస్తాను. పోలిష్‌లో ‘కొవాల్’ అంటే కమ్మరి. ఇనుమును కాల్చి కొట్టడాన్ని చెప్పే ‘కొవాతి’ అనే ప్రాచీన స్లావు క్రియ దీనికి మూలం. ఉక్రేనియన్‌లోనూ కమ్మరిని ‘కొవాల్’ అనే అంటారు, స్లొవాక్‌లో ‘కొవాచ్’ అంటారు. హంగేరియన్ స్లావు భాష కాకపోయినా ఆ మాటను అరువు తెచ్చుకుంది, అక్కడ ‘కొవాచ్’ అత్యంత సాధారణమైన ఇంటిపేర్లలో ఒకటిగా స్థిరపడింది.

ఇక ‘స్కి’ విషయం. ఇది వంశాన్ని తెలిపే బిరుదు కాదు, నామవాచకాన్ని విశేషణంగా మార్చే ప్రత్యయం మాత్రమే. పోలిష్‌లో ‘మ్వొత్ కొవాల్‌స్కి’ అంటే కమ్మరి సుత్తి, ‘మ్యెహ్ కొవాల్‌స్కి’ అంటే కొలిమితిత్తి. మొదటి అక్షరాన్ని చిన్నదిగా రాస్తే అది వాడుకలోని మామూలు విశేషణం, పెద్దదిగా రాస్తే ఇంటిపేరు. మన వ్యాకరణంలో దీనికి దగ్గరగా వచ్చేది ఔపవిభక్తికం. ‘ఊరు’ అన్నది ‘ఊరి’ అయినట్టే కందుకూరు ‘కందుకూరి’గా, వేటూరు ‘వేటూరి’గా మారి మనుషుల పేర్లకు ముందు నిలిచాయి. ఆ ‘ఇ’కారం చేసే పనినే అక్కడ ‘స్కి’ చేస్తుంది. ఆ ‘ఇ’కారాన్ని చూసి ఎవరినీ జమీందారులని మనం అనుకోము కదా!

మరి ప్రభువుల మాట ఎక్కడిది? మధ్యయుగంలో పోలండు ప్రభువులకు నేటి అర్థంలో ఇంటిపేర్లు లేవు, ఫలానా ఊరి యాన్ అనే పద్ధతిలో తమ గ్రామంతో చెప్పుకొనేవారు. తర్నూఫ్ పట్టణాన్ని ఏలినవారు మొదట ‘తర్నూఫ్ వారు’ అన్న అర్థంలో రాసుకునేవారు. క్రమంగా అది ‘తర్నొఫ్‌స్కి’ అనే విశేషణంగా కుదురుకుంది. 16వ శతాబ్దపు సేనాని యాన్ తర్నొఫ్‌స్కి ఆ ఇంటివాడే. పొతొక్ అనే ఊరి పేరు మీద ‘పొతొత్స్కి’ వంశం ఏర్పడింది. ఇలా ఊరిపేరుతో ప్రసిద్ధికెక్కిన వంశాలు భూస్వాములవి కనుక ‘స్కి’ వినగానే పెద్దింటివాడన్న భావన జనంలో నాటుకుపోయింది.

గౌరవం ఉన్నచోట అనుకరణ తప్పదు. 17వ శతాబ్దం తొలి భాగంలో వలేర్యాన్ నెకాందా త్రెప్కా అనే ప్రభువు, తాము కులీనులమని చెప్పుకుంటున్న సామాన్యుల జాబితాను ఏళ్ల తరబడి కూర్చి, రెండు వేలకు పైగా పేర్లను అందులో చేర్చాడు. ఇంటిపేరు మార్చుకొని పెద్దవారిలో కలిసిపోతున్నారన్నది ఆయన ఆక్రోశం. ఇంత ఓపికగా అసూయపడిన మనిషి మరొకడు ఉండడేమోనని నాకు అనిపిస్తుంది. అయితే ఆ కోపం వల్లనే, ‘స్కి’ అప్పటికే ప్రభువుల చేయి దాటిపోతోందన్న సంగతి మనకు రూఢిగా తెలుస్తోంది. తరువాతి కాలంలో పట్టణవాసులూ రైతులూ కూడా ఈ ప్రత్యయాన్ని విరివిగా స్వీకరించారు. 18వ శతాబ్దం చివర పోలండును రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకున్నాక, పన్నుల కోసం, సైన్యంలో చేర్చుకోవడం కోసం ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని పట్టుబట్టాయి. అప్పటివరకు ఊళ్లో ‘కమ్మరి కొడుకు’ అని పిలిపించుకున్నవాడు రికార్డులోకి ఎక్కేటప్పుడు కొవాల్‌గా గాని, కొవాల్చిక్‌గా గాని, కొవాలిక్‌గా గాని, కొవాల్‌స్కిగా గాని మిగిలిపోయాడు.

మరొక దారి కూడా ఉంది, నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది అదే. పోలండును తొలుత ఏలిన ప్యాస్త్ రాజుల కాలంలో కొన్ని గ్రామాలు మొత్తంగా ఒకే వృత్తితో రాజసేవ చేసేవి. డాళ్లు చేసేవారి ఊరు ష్చిత్నికి, రొట్టెలు కాల్చేవారి ఊరు ప్యెకారి, కమ్మరుల ఊరు కొవాలె. ఆ పేర్లు గల గ్రామాలు నేటికీ ఉన్నాయి. కొవాలె నుంచి వచ్చినవాడు కూడా కొవాల్‌స్కియే అవుతాడు. అంటే ఈ ఇంటిపేరు గల ఒక కుటుంబానికి మూలపురుషుడు సుత్తి పట్టిన కమ్మరి కావచ్చు, కమ్మరుల ఊరినుంచి వలస వచ్చిన రైతు కావచ్చు, ఆ ఊరిని ఏలిన చిన్న ప్రభువు కూడా కావచ్చు. పేరును మాత్రమే చూసి వంశం చెప్పేవారిని నమ్మనవసరం లేదు.

మరొక సభ్యుడి సందేహం:

వివరణకు ధన్యవాదాలు. ఇది పోలండులో మొదటి స్థానంలో ఉన్న ఇంటిపేరని విన్నాను. నిజమేనా?

సమాధానం:

మొదటి స్థానం ‘నొవాక్’ది. కొత్తగా వచ్చినవాడు అని దాని అర్థం, సుమారు రెండు లక్షల మందికి ఆ పేరు ఉంది. కొవాల్‌స్కిది రెండో స్థానం. ప్రభుత్వ జనాభా రిజిస్టరు పురుషుల రూపాన్నీ స్త్రీల రూపాన్నీ వేరుగా లెక్కిస్తుంది కనుక జాబితాలో ఇది రెండు పేర్లుగా కనిపిస్తుంది. రెండూ కలిపితే 1,30,000 పైచిలుకు ఉంటుంది. కొవాల్చిక్ కూడా మొదటి పది పేర్లలో ఒకటి కాబట్టి, కమ్మరి మాటనుంచి పుట్టిన పేర్లన్నీ ఒక్క కుటుంబంగా చూస్తే నొవాక్‌ను సులభంగా దాటిపోతాయి. మనం ఎల్లయ్య, పుల్లయ్య అనేచోట అక్కడివారు ‘యాన్ కొవాల్‌స్కి’ అంటారు. దరఖాస్తు పత్రం నింపే నమూనాలో ఆ పేరే ఉంటుంది. సగటు పౌరుడి జీతం, సగటు పౌరుడి ఖర్చు గురించి రాసే పత్రికలు అతణ్ణి ‘గణాంకాల కొవాల్‌స్కి’ అని పిలుస్తాయి.

ఇంకొక సభ్యురాలి ప్రశ్న:

మా దేవాలయంలో దివ్యకరుణ ప్రభువు చిత్రం దగ్గర పునీత ఫౌస్తీనా పేరు ‘కొవాల్‌స్కా’ అని రాశారు. ఇది వేరే ఇంటిపేరా, రాసేటప్పుడు జరిగిన పొరపాటా?

సమాధానం:

పొరపాటేమీ లేదండి. ఇంటిపేరే విశేషణం కనుక పోలిష్‌లో అది లింగాన్ని బట్టి మారుతుంది. తండ్రి కొవాల్‌స్కి, తల్లీ కూతుళ్లు కొవాల్‌స్కా, అందరినీ కలిపి చెబితే కొవాల్‌స్త్సి. విభక్తిని బట్టి కూడా మారుతుంది. ‘కొవాల్‌స్కితో’ అనడానికి పురుషుడి విషయంలో ‘స్ కొవాల్‌స్కిమ్’ అనీ, స్త్రీ విషయంలో ‘స్ కొవాల్‌స్కొం’ అనీ అంటారు. మన కందుకూరి వారింట అబ్బాయైనా అమ్మాయైనా కందుకూరివారే కనుక ఇది మనకు వింతగా ఉంటుంది. నొవాక్ వంటి నామవాచకాలకు వేరే ఏర్పాటు ఉండేది: భార్య ‘నొవకొవా’, పెళ్లికాని కూతురు ‘నొవకూవ్నా’. ఆ రూపాలు ఇప్పుడు చాలావరకు వాడుక తప్పాయి, స్త్రీలు కూడా ‘నొవాక్’ అనే రాసుకుంటున్నారు. ‘స్కా’ మాత్రం చెక్కుచెదరలేదు. అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల్లో సాధారణంగా స్త్రీలకూ ‘స్కి’యే మిగిలింది, అక్కడి రికార్డులకు ఒక ఇంటికి ఒకే రూపం కావాలి మరి.

ఉచ్చారణ విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఈ పేరును Kowalski అని రాస్తారు. ఇంగ్లీషు ప్రభావంతో కొందరు అందులోని ‘w’ను చదివేటప్పుడు పెదవులు గుండ్రంగా చుడతారు. పోలిష్‌లో ఆ అక్షరానికి మన ‘వ’కు దగ్గరైన ధ్వని ఉంటుంది, ఊనిక ‘వాల్’ మీద పడుతుంది. ‘స’ వంటి నాదం లేని హల్లు ముందు అదే అక్షరం ‘ఫ’కారం అవుతుంది కనుకనే మన పత్రికలు ‘లెవాండోస్కీ’ అని రాసే ఫుట్‌బాల్ ఆటగాడి పేరును అక్కడ ‘లెవాందొఫ్‌స్కి’ అంటారు.

మీరు చెప్పిన పునీతురాలు 1905లో గ్వొగొవ్యెత్స్ అనే పల్లెలో హెలెనా కొవాల్‌స్కాగా పుట్టారు, 2000 ఏప్రిల్ 30న ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఇంటిపేరులో కమ్మరం ఉన్నా, ఆమె తండ్రి స్తనిస్వాఫ్ కొవాల్‌స్కి కొద్దిపాటి పొలం దున్నుకుంటూ వడ్రంగం చేసేవారు.