చామంతి గుబురుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు: చలికాలంలో డాబా మీద పూల మొక్కల గురించి కొన్ని సందేహాలు

హనుమకొండ నుంచి, నవంబర్ 24

అందరికీ నమస్కారం. మా డాబా మీద ముప్పై దాకా కుండీలున్నాయి. వానాకాలమంతా బాగానే పెరిగాయి. చలి మొదలయ్యాక ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది, టెన్షన్‌గా ఉంది.

ముందు చామంతి సంగతి. జూలైలో పిలకలు నాటాను, ఆగస్టు చివరిదాకా చిగుళ్లు గిల్లుతూ వచ్చాను. గుబురుగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి. పన్నెండు కుండీల్లో పదింటికి ఇప్పటికీ ఒక్క మొగ్గ రాలేదు. నీళ్ల ట్యాంకు వెనకాల చోటులేక పెట్టిన రెండు కుండీలు మాత్రం మొగ్గల మీదున్నాయి. అదే మట్టి, అదే ఎరువు, ఒకే చోట తెచ్చిన పిలకలు. మొగ్గలు రావాలని వారానికోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కూడా పోస్తున్నాను.

మల్లె ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి. గులాబీ చిగుళ్ల మీద తెల్లగా పొడి చల్లినట్టుంది. మందారం కొమ్మల సందుల్లో దూదిలాంటి పురుగు. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద మన ఇంటి పూలే పెట్టాలని మా అమ్మాయి ఆశ. తెలిసినవాళ్లు చెప్పండి.

కడియం దగ్గరి నుంచి, అదే రోజు

అండీ, మిగతావి తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట చెప్పండి. రాత్రిపూట మీ డాబా మీద లైటు వెలుగుతుందా? వీధి దీపం వెలుగు పడినా చెప్పండి.

హనుమకొండ

అవునక్కా. మాకు కోతుల బెడద ఎక్కువ. అందుకని దసరా సెలవుల్లో మెట్ల గది మీద పెద్ద ఎల్‌ఈడీ లైటు పెట్టించాం. తెల్లవార్లూ వెలుగుతుంది.

కడియం

అయితే మీ చామంతికి జబ్బేమీ లేదు చెల్లీ, దానికి ఇంకా రాత్రి కాలేదు, అంతే. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. వరసగా కొన్ని వారాలు 12 గంటలకు పైగా చీకటి దొరికితేనే కొమ్మ చివర ఆకు వేయడం ఆపి మొగ్గ కడుతుంది. మీ లైటు కింద దానికి ఇంకా ఎండాకాలమే. ట్యాంకు నీడలో ఉన్న రెండింటికి చీకటి దొరికింది కాబట్టి అవి వేళకు మొగ్గలేశాయి. జవాబు మీ డాబా మీదే ఉంది.

లైటు ఈ రాత్రే ఆపేయండి. కోతులు రాత్రుళ్లు తిరగవు, చీకటి పడితే చెట్ల మీదో గోడల మీదో పడుకుంటాయి. అవి వచ్చేది తెల్లారాకే, అప్పుడు ఈ లైటుతో పనిలేదు. ఆపడం కుదరకపోతే కుండీలన్నీ మెట్ల గది వెనక్కి జరపండి. అదీ కాకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి ఉదయం ఏడింటికి తీయండి. ఒక్కరోజు కూడా మానకూడదు. నడిరాత్రి బట్టలు తీసుకోవడానికి వెళ్లి కాసేపు లైటు వేసినా ఆ రాత్రి లెక్కలోకి రాకుండా పోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, పాపం మొక్కనే తిట్టుకుంటారు.

19-19-19 ఆపేయండి. వారం వారం పోయడంతో అందులోని నత్రజని ఎక్కువై ఆకు అంత ముదురుగా ఉంది. మొగ్గలు కనబడ్డాక సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అనే పొటాష్ ఎరువు లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి పది రోజులకోసారి మొక్క మొదట్లో పోస్తే చాలు. మొగ్గకు రంగు తేలాక ఏ ఎరువూ వద్దు.

ఉన్నమాట చెప్తాను. ఇప్పటినుంచి చీకటి దొరికితే మూడు వారాలకు మొగ్గ కనబడుతుంది. పూర్తిగా విచ్చడానికి రకాన్ని బట్టి ఎనిమిది, పది వారాలు పడుతుంది. సంక్రాంతికి ఆ పది కుండీలూ అందవు, రథసప్తమి నాటికి చూసుకోండి. పండక్కి ట్యాంకు వెనకాలవి ఉన్నాయి కదా. ఇంకో నాలుగు బంతి మొక్కలు చిన్న మొగ్గలున్నవి డిసెంబర్ రెండో వారంలో నర్సరీలో కొనుక్కోండి. ఇప్పుడు విత్తనం వేస్తే పూయడానికి రెండు నెలలు పడుతుంది, అప్పటికి పండగ దాటిపోతుంది. డిసెంబరాలు ఉంటే ఇంకా మంచిది, ఈ చలే వాటికి ఇష్టం. ఒక్క మొక్క ఉన్నా ధనుర్మాసమంతా రోజూ పూస్తుంది.

ఇక మల్లె. దాని ఆకు రాలుతోందని బాధపడకండి, దాన్ని నిద్రపోనివ్వండి. ఇప్పుడు ఎరువు వేసి, రోజూ నీళ్లు పోసి లేపితే నాలుగు లేత ఆకులేస్తుంది గానీ వేసవిలో పూలు తగ్గిపోతాయి. కుండీలో మట్టి మరీ బీటలు వారకుండా వారానికోసారి కాసిని నీళ్లు చాలు. డిసెంబర్ ఆఖర్లోనో, సంక్రాంతిలోపో మొదలు నుంచి అడుగు, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, చివికిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేసి అప్పుడు నీళ్లు మొదలుపెట్టండి. ప్రతి చిగురు చివరా మొగ్గలు వస్తాయి.

గులాబీ మీద పొడి బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే ఈ రోజుల్లోనే వస్తుంది. బాగా పట్టిన చిగుళ్లు తుంచి కవర్లో వేసి పారేయండి, కుండీలో వదలకండి. నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం ఆకు కింద కూడా తడిసేలా కొట్టండి. పది రోజులకు ఇంకోసారి.

మందారానిది పిండినల్లి. ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. తర్వాత లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా లోపే కలిపి, అందులో వేపనూనె 5 మిల్లీలీటర్లు పోసి గిలక్కొట్టి చల్లండి. ముందు రెండు ఆకుల మీద చూసుకుని, మాడకపోతే మొక్కంతా కొట్టండి. చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. పిండినల్లిని కొమ్మ నుంచి కొమ్మకు మోసేది అవే. చీమల్ని ఆపకుండా ఎన్నిసార్లు నూనె కొట్టినా మళ్లీ వస్తుంది.

ఒక్క జాగ్రత్త. గంధకం కొట్టిన గులాబీ మీద రెండు వారాల దాకా వేపనూనె పడనివ్వకండి. రెండూ కలిస్తే ఆకు మాడిపోతుంది. ఒక ఏడాది తొందరపడి నేనే నా ఎర్రగులాబీని అలా పోగొట్టుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

విజయవాడ నుంచి, నవంబర్ 25

మాకు ఇటు నీళ్లతోనే ఇబ్బంది. తుపాను వానకు కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిచి రెండు చామంతులు మొదలు కుళ్లిపోయాయి. ఈ నెలల్లో పళ్లేలు తీసేసి, కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టడం మేలు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పైన ఎండినట్టే ఉంటుంది గానీ లోపల తడిగానే ఉంటుంది. రెండో కణుపు దాకా వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. కుండీ ఎత్తి చూసినా బరువును బట్టి తెలిసిపోతుంది.

కడియం

మంచి మాట చెప్పారు. ఎండ పడ్డాక, ఉదయం ఎనిమిదింటి తర్వాత, మొక్క మొదట్లోనే పోయాలి. సాయంత్రం ఆకుల మీద పోస్తే రాత్రంతా తడి ఆరదు, తెగుళ్లకు అదే దారి.

డల్లాస్ నుంచి, నవంబర్ 26

ఇక్కడ మంచు పడే రోజులొచ్చాయి. ఇండియా మల్లె కుండీని గ్యారేజీలో పెట్టాను. చీకట్లో ఉంటే పర్వాలేదా అక్కా?

కడియం

మా ఊళ్లో మంచు గడ్డకట్టదు కాబట్టి నా అనుభవం మీకు సగమే పనికొస్తుంది. పూర్తి చీకట్లో మాత్రం వద్దు, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. హీటరు గాలి నేరుగా తగలనివ్వకండి. నీళ్లు బాగా తగ్గించండి. బయట రాత్రి చలి పోయాక ఒకేసారి ఎండలో పెట్టకుండా నాలుగైదు రోజులు నీడలో ఉంచి అప్పుడు ఎండకు తీసుకెళ్లండి.

హనుమకొండ, డిసెంబర్ 17

అక్కా, ఆ రోజు నుంచే లైటు ఆపేశాం. మొన్న ఆదివారం పొద్దున నీళ్లు పోస్తూ చూశాను. మెట్ల గది పక్క కుండీలో కొమ్మ చివర లేత ఆకులు విప్పి చూస్తే పెసరగింజంత ఆకుపచ్చ మొగ్గ, చుట్టూ ఆవగింజల్లాంటివి ఇంకో నాలుగు. ఇవాళ్టికి ఏడు కుండీల్లో కనబడ్డాయి. గులాబీ కొత్త చిగుళ్ల మీద పొడి లేదు. మందారానికి చీమలు పోయాయి, పురుగు ఇంకా కాస్త ఉంది. బంతి మొక్కలు నాలుగు తెచ్చాం. చుట్టూ వచ్చిన ఆ చిన్న మొగ్గలు ఉంచాలా, తీసేయాలా?

కడియం

చాలా సంతోషం చెల్లీ. పెద్ద పువ్వు రకమైతే నడిమి మొగ్గ ఉంచి చుట్టూ ఉన్నవి గోటితో తీసేయండి. గుత్తులుగా పూసే చిట్టి చామంతైతే దేన్నీ తీయకండి. పూలయ్యాక మొక్క పీకేయవద్దు, నాలుగు వేళ్ల ఎత్తు ఉంచి కోయండి. ఫిబ్రవరిలో మొక్క మొదట్లోంచి పిలకలు లేస్తాయి. అవి వేసవిలో నీడన బతికితే వచ్చే ఏడాదికి మొక్కలు కొనక్కర్లేదు. మందారానికి ఈ శనివారం ఇంకోసారి వేపనూనె కొట్టండి, గులాబీకి దూరంగా.