రెండు మోకాళ్ళూ పట్టేశాయి, జనవరిలో ఫుల్ మారథాన్ ఉంది. ఎవరైనా దారి చెప్పండి

లాకుల_రన్నర్ | నవంబరు 9, రాత్రి 11:52

అందరికీ నమస్కారమండి. సాయంత్రం ఆరింటి నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒక వీడియోలో గుంజీళ్ళు తియ్యమంటాడు, రెండో వీడియోలో తీస్తే మోకాళ్ళు పోతాయంటాడు. ఐసు పెట్టమని ఒకడు, కాపడం పెట్టమని ఇంకొకడు. బుర్ర తిరిగిపోయి ఇక్కడికొచ్చాను.

మాది రాజోలు దగ్గర. వయసు 38. నాలుగేళ్ళుగా పరిగెడుతున్నాను. మూడు హాఫ్‌లు, ఒక ఫుల్ పూర్తిచేశాను. జనవరిలో ముంబై ఫుల్‌కి పేరు కట్టేశాను. అక్కడ పెద్దర్ రోడ్డు దగ్గర ఎత్తు ఎక్కాలి. మన కోనసీమలో ఎత్తన్నది వంతెన తప్ప ఇంకెక్కడుంది? అందుకని ఆదివారం ఆదివారం చించినాడ వంతెన మీద పదేసిసార్లు ఎక్కి దిగుతున్నాను. మిగతా రోజులు కాలవగట్టు మీద.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. తగ్గదు. పది రోజులు పరుగు ఆపాను, తగ్గలేదు. కొత్త షూస్ కొన్నాను, తొమ్మిది వేలు పోయాయి తప్ప తగ్గలేదు. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "ఏం లేదు, పరుగు మానెయ్" అన్నారు. ఆ మాటకి అంతదూరం పోవాలా, మా ఆవిడ ఇంట్లో ఉచితంగా రోజూ చెప్తుంది.

ఏ వ్యాయామమో, ఏ షూనో చెప్పండి. మానెయ్యమని మాత్రం అనకండి.


పెడల్_అమలాపురం | నవంబరు 10, ఉదయం 5:14

బ్రదర్, సీటు ఎత్తు చూసుకున్నారా? నూటికి తొంభైమంది మోకాళ్ళ నొప్పి అక్కడే ఉంటుంది. పెడల్ అడుక్కి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి, 25 నుంచి 35 డిగ్రీలు. సీటు కిందికుంటే మోకాలి చిప్ప ముందు నొప్పి, పైకుంటే మోకాలి వెనక నొప్పి. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (దూరాల సైకిల్ యాత్ర) పదమూడున్నర గంటల్లో తొక్కాలి, సీటు ఒక సెంటీమీటరు తేడా ఉన్నా మధ్యలోనే దిగిపోతాం. నేను మొదటిసారి రావులపాలెం దాటకుండానే


పెడల్_అమలాపురం | నవంబరు 10, ఉదయం 5:16

సగంలో పోస్టయిపోయింది. రావులపాలెం దాటకుండానే కూలబడ్డాను. సీటు పైకెత్తాక 300 కూడా అయింది.


లాకుల_రన్నర్ | నవంబరు 10, ఉదయం 6:02

అన్నా, నాకు సైకిలు లేదు.


ఫిజియో_భీమవరం | నవంబరు 10, ఉదయం 7:30

ఏ మోకాలు? ముందా, బయటి పక్కా, లోపలా, వెనకా? ఎప్పటి నుంచి? వాపుందా? పొద్దున్న లేవగానే ఎలా ఉంటుంది? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరైనా చెప్పేది సోదే.


పాత_పీఈటీ | నవంబరు 10, ఉదయం 8:41

బాబూ, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణి. నీ ఉత్తరంలో తప్పు నాకు రెండో పేరాలోనే దొరికింది. పదిసార్లు వంతెన ఎక్కావు, బాగుంది. పదిసార్లు దిగావు కూడా కదా? ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి కష్టమంతా అక్కడే ఉందనుకుంటాం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి. ఆ బరువంతా చిప్ప వెనకాల పడుతుంది. డెల్టాలో పుట్టినవాడికి పల్లం దిగడం అలవాటెక్కడిది? పుట్టిందగ్గర నుంచి బల్లపరుపు నేలే.

ఎక్కేటప్పుడు పరిగెత్తు, దిగేటప్పుడు నడువు. అడుగు చిన్నది వెయ్యి. అదే వేగంలో నిమిషానికి అడుగులు ఓ పదిశాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది, ఇది నేను చెప్పేది కాదు, కొలిచి చూసినవాళ్ళు చెప్పేది.

రెండోది, మీరంతా ఆ మెత్తని షూస్ మోజులో పడ్డారు. మా రోజుల్లో ఏటిగట్టు మీద ఉత్తికాళ్ళతో పరిగెత్తేవాళ్ళం. కొబ్బరి దింపు తీసేవాళ్ళు ఈరోజుకీ ఏ షూ వేసుకుని చెట్టెక్కుతున్నారు? మడమ ముందు నేలకి తగిలేలా పరిగెడితే ఆ దెబ్బ నేరుగా మోకాలికే. ఇంకా కాలవగట్టు ఒకవైపుకి వాలి ఉంటుంది. రోజూ ఒకే దిక్కుకి పరిగెడితే ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయినట్టే. వెళ్ళేటప్పుడు ఒక అంచున, వచ్చేటప్పుడు అదే అంచున రావాలి. నల్లేరు పచ్చడి కూడా వారానికి రెండుసార్లు తిను. ఎముకకి మంచిది.


ఫిజియో_భీమవరం | నవంబరు 10, ఉదయం 9:05

మాష్టారూ, దిగుడు గురించి మీరన్నది నిజమే. కానీ ఉత్తికాళ్ళతో ఒకేసారి మొదలెడితే మోకాలి బరువు పిక్కకీ మడమ నరానికీ మారుతుంది, అంతే. చెట్టెక్కేవాళ్ళు గంటసేపు సిమెంటు రోడ్డు మీద పరిగెత్తరు కదా. అసలు ఏ కాలో చెప్పలేదు ఆయన.


రొయ్యలరాజు | నవంబరు 10, ఉదయం 10:20

గుజ్జు అరిగిపోయి ఉంటుందండి. మా బావకీ ఇలాగే. ఇంజెక్షన్ చేయించేస్తే ఆరు నెలలు ఢోకా ఉండదు.


తెలుగు_మాట | నవంబరు 10, ఉదయం 10:48

"గుజ్జు" అనకండి దయచేసి. గుజ్జు చింతపండుకీ మామిడికీ ఉంటుంది. కీలులో ఉండేది మృదులాస్థి. ఎముక చివర నున్నగా అంటుకుని ఉంటుంది. కీలులో ఉండే ద్రవం వేరే. రెండిటినీ కలిపి గుజ్జు అనేసి, అది "అయిపోయింది", "మళ్ళీ ఎక్కించాలి" అని జనాన్ని భయపెడుతున్నారు.


ఫిజియో_భీమవరం | నవంబరు 10, మధ్యాహ్నం 1:15

నా దగ్గరికొచ్చే పెద్దావిడతో "మీ మృదులాస్థి పలచబడింది" అంటే ఆవిడ అస్థికలు అనుకుని బెంబేలెత్తిపోతుంది. గుజ్జు అంటే అర్థమవుతుంది. వాడుకలో ఉన్న మాటే మాట.

అది అరగడం గురించి మాత్రం ఒకటి చెప్పాలి. దానికి సొంత రక్తనాళాలు ఉండవు. నడిచినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవంలోంచి ఆహారం పీల్చుకుంటుంది. కాబట్టి కదలకుండా కూర్చోబెట్టడం దానికి మేలు కాదు. సరదాగా పరిగెత్తేవాళ్ళ మోకాళ్ళు కూర్చునేవాళ్ళ మోకాళ్ళకంటే ఎక్కువ అరుగుతాయన్న భయానికి ఆధారం లేదు. 38 ఏళ్ళకి, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నవాడికి "అరిగిపోయింది" అనకండి.


తెలుగు_మాట | నవంబరు 10, మధ్యాహ్నం 1:32

వాడుక తప్పయినప్పుడు దిద్దాలి కదండీ. రేపు కీళ్ళవాతాన్నీ కీళ్ళ అరుగుదలనీ కూడా ఒకటే అంటారా?


ఫిజియో_భీమవరం | నవంబరు 10, మధ్యాహ్నం 1:40

అనను. అవి రెండూ వేరు వేరు జబ్బులు. మందులూ వేరు. ఆ తేడా కోసమే పొద్దున్న ఎలా ఉంటుందని అడిగాను. ఆయన పత్తా లేడు.


లాకుల_రన్నర్ | నవంబరు 10, రాత్రి 9:47

సారీ అండి, డ్యూటీలో ఉన్నాను. మేడమ్ అడిగినవి:

రెండు మోకాళ్ళూ. చుట్టూ నొప్పే, ఇదిగో ఇక్కడని వేలు పెట్టి చూపించలేను. కొంచెం వాపు. రెండు నెలల పైన అయింది. పొద్దున్న లేచాక గంటసేపు కర్రలా బిగుసుకుపోయి ఉంటాను. బాత్రూంకి గోడ పట్టుకుని వెళ్ళాలి. చీలమండలు కూడా పట్టేస్తాయి. చేతివేళ్ళు ముడవడం కష్టం, షూ లేసు మా అబ్బాయి కడుతున్నాడు. ఓ రెండు కిలోమీటర్లు పరిగెత్తాక ఒళ్ళు వదులై బాగానే ఉంటుంది, అందుకే మానలేదు.

వేళ్ళకీ పరుగుకీ సంబంధం లేదని రాయలేదు.

మా ఊరి ఆర్‌ఎంపీ గారు పొట్లం ఇచ్చారు. అది వేసుకున్న రోజు గుర్రంలా ఉంటాను. లాంగ్ రన్ రోజు దాంతోపాటు డైక్లో, అదే నొప్పి బిళ్ళ, ఒకటి.


మందులకొట్టు | నవంబరు 10, రాత్రి 10:03

ఆ పొట్లంలో ఏముందో తెలుసా?


లాకుల_రన్నర్ | నవంబరు 10, రాత్రి 10:06

రెండు తెల్లవి, ఒకటి పసుపు, ఒకటి చిన్నది.


మందులకొట్టు | నవంబరు 10, రాత్రి 10:31

ఆ చిన్నది చాలాసార్లు స్టెరాయిడే అవుతుంది. మీకిచ్చింది అదేనని చూడకుండా అనను, కానీ గుర్రంలా పరిగెత్తించేది సాధారణంగా అదే. నెలల తరబడి తింటే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. ఎక్కువ రోజుల నుంచి వాడుతుంటే ఠక్కున ఆపడం కూడా ప్రమాదమే. రేపే ఆ పొట్లం పట్టుకుని ఎండీ డాక్టరుకి చూపించండి, మీ అంతట మీరు ఆపకండి, ఆపాలా తగ్గించాలా అన్నది ఆయన్నే చెప్పనివ్వండి.

డైక్లో వేసుకుని లాంగ్ రన్నా? మన ఉక్కపోతలో ఒంట్లో నీళ్ళన్నీ చెమటగా పోతాయి. కిడ్నీలకి రక్తం అసలే తగ్గి ఉంటే ఈ బిళ్ళ ఇంకాస్త తగ్గిస్తుంది. నొప్పి తెలియకుండా పరిగెత్తడం వేరే సంగతి. మా కొట్లో ఆదివారం పొద్దున్న వచ్చి ఈ బిళ్ళ అడిగే రన్నర్లకి నేను ఇవ్వను. వాళ్ళు పక్క కొట్టుకి పోతారు, అది వేరే కథ.


చెరువుగట్టు_ఆకివీడు | నవంబరు 11, ఉదయం 6:18

తమ్ముడూ, ఒక్క ప్రశ్న. వర్షాల్లో జ్వరం ఏమైనా వచ్చిందా? ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు?


లాకుల_రన్నర్ | నవంబరు 11, ఉదయం 6:55

వచ్చింది కదండి. ఆగస్టు ఆఖర్లో. మూడు రోజులు 103. మా వీధిలో అందరికీ వచ్చింది, మా ఇంట్లో నలుగురికీ. వైరల్ అన్నారు, తగ్గిపోయింది. అది కూడా చెప్పాలా?


చెరువుగట్టు_ఆకివీడు | నవంబరు 11, ఉదయం 7:12

ఓరి నాయనో. అదే ముందు చెప్పాల్సింది.

నాకు చికున్‌గున్యా వచ్చి జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, కీళ్ళు పదకొండు నెలలు పోలేదు. సరిగ్గా ఇవే. పొద్దున్న బిగుసుకోవడం, చీలమండలు, వేళ్ళు. అప్పుడు నేనూ హాఫ్‌కి తయారవుతున్నాను. మోకాలికి పట్టీలు, నూనెలు, మూడు జతల షూస్, అన్నీ అయ్యాయి. 2006లో మన జిల్లాలో వచ్చినప్పుడు మా నాన్న ఏడాదిపాటు ధోవతి కట్టుకోలేకపోయాడు, వేళ్ళు వంగక. అది గుర్తుండి కూడా నాకు తట్టలేదు.


తెలుగు_మాట | నవంబరు 11, ఉదయం 7:40

ఆ పేరే ఆఫ్రికాలోని మకొండే భాషలోది. ఒంకర తిరిగిపోవడం అని అర్థం. 1952లో ఇప్పటి టాంజానియా ప్రాంతంలో మొదట గుర్తించారు. "చికెన్ గున్యా" అని రాయకండి, కోడికీ దీనికీ ఏ సంబంధం లేదు.


ఫిజియో_భీమవరం | నవంబరు 11, ఉదయం 8:10

అయితే అదే అని ఇప్పుడే ముద్ర వెయ్యకండి. గంటసేపు బిగుసుకోవడం, రెండు వైపులా చిన్న కీళ్ళు, వాపు, కదిలితే మెరుగు... ఇది కీళ్ళవాతం కూడా కావచ్చు. జ్వరం తర్వాత వచ్చే నొప్పులూ అచ్చం అలాగే ఉంటాయి. రక్తపరీక్షలు చేయించాలి: ఈఎస్ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందో చెప్పేవి), ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (కీళ్ళవాతానికి చూసేవి), చికున్‌గున్యా పరీక్ష, కిడ్నీది కూడా. చూపించాల్సింది ఎముకల డాక్టరుకి కాదు, రుమటాలజిస్టుకి, అంటే కీళ్ళవాతాలు చూసే డాక్టరుకి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, కీలు పొర వాచింది కనిపించదు. ఆయన "ఏం లేదు" అన్నది అందుకే.

మాష్టారి దిగుడు, ఆ సైకిలు ఆయన సీటు ఎత్తు, నేను చెప్పబోయిన తొడ వ్యాయామాలు, ఇవన్నీ తర్వాతి సంగతి.


రొయ్యలరాజు | నవంబరు 11, ఉదయం 9:02

ఈ దోమలన్నీ చేపల చెరువుల వల్లేనండి. ఊరు చుట్టూ తవ్వేశారు.


చెరువుగట్టు_ఆకివీడు | నవంబరు 11, ఉదయం 9:10

పేరేమో రొయ్యలరాజు, నింద చెరువుల మీద! ఈ దోమ చెరువులో పెట్టదు గుడ్లు. చెరువులో చేపలు దోమల పిల్లపురుగుల్ని తినేస్తాయి. ఇది చిన్న చిన్న నిలవ నీళ్ళ దోమ. మీ కోనసీమలో ఇళ్ళ వెనకాల గుట్టపోసిన కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కూలరు, పూలకుండీ కింద పళ్ళెం. పగలు కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకుంటే దీనికేం లెక్కలేదు.


పెడల్_అమలాపురం | నవంబరు 11, ఉదయం 9:25

కొబ్బరి మీద పడ్డారేంటి మధ్యలో


లాకుల_రన్నర్ | నవంబరు 11, రాత్రి 10:15

అయితే ముంబై సంగతేంటి? పూర్తిగా ఆపాలా?


చెరువుగట్టు_ఆకివీడు | నవంబరు 12, ఉదయం 5:50

డాక్టరుకి చూపించేదాకా వంతెన వద్దు. నేను చేసింది చెప్తాను, నీకు పనికొస్తే చూడు. పొద్దున్నే వెళ్ళడం మానేసి సాయంత్రం వెళ్ళేవాణ్ణి, అప్పటికి కీళ్ళు వదులవుతాయి. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. మొత్తం అరగంట. మర్నాడు పొద్దున్న బిగువు ముందురోజు కంటే ఎక్కువసేపు ఉంటే ఆరోజు సెలవు. అదే నా గడియారం, చేతికున్న గార్మిన్ వాచీ కాదు. దమ్ము పోకుండా ఈత కొట్టాను, నడుం లోతు నీళ్ళలో నడిచాను. వేసవిలో కాలవలు కట్టేశాక దానికీ దారి లేకపోయింది. ఆ ఏడాది హాఫ్ వదిలేశాను. తర్వాతి ఏడాది పరిగెత్తాను, ముందటి కంటే పన్నెండు నిమిషాలు ఆలస్యంగా.


పాత_పీఈటీ | నవంబరు 12, ఉదయం 8:30

పరుగు మానలేదు కదా, అదీ. కానీ వాలు సంగతి మర్చిపోకు బాబూ.


మందులకొట్టు | నవంబరు 19, రాత్రి 9:00

రాజోలు ఆయనా, పొట్లం చూపించారా?


మందులకొట్టు | నవంబరు 25, రాత్రి 9:12

?


లాకుల_రన్నర్ | డిసెంబరు 3, రాత్రి 10:40

చూపించానండి. స్టెరాయిడే. మెల్లగా తగ్గిస్తున్నారు. చికున్‌గున్యా పాజిటివ్, యాంటీ సీసీపీ నెగటివ్, సీఆర్‌పీ ఎక్కువుంది. మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ముంబై లేదు. లేసు నేనే కట్టుకుంటున్నాను. అందరికీ థాంక్స్.

మాష్టారూ, నల్లేరు పచ్చడి మా అమ్మ చేసింది. రెండు రోజులు నోరంతా ఒకటే దురద.


పాత_పీఈటీ | డిసెంబరు 4, ఉదయం 5:35

చింతపండు వెయ్యలేదా?