సీలెంట్ ఉన్నా ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్‌లో చిల్లు మూసుకోవట్లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. నా రోడ్ బైక్‌కి 28 ఎంఎం ట్యూబ్‌లెస్ టైర్లు వేయించి నాలుగు నెలలైంది. ఒక్కోదానిలో 40 ఎంఎల్ సీలెంట్ (చిల్లు పడితే గడ్డకట్టి మూసే ద్రవం) పోశాను. తుమ్మముల్లు దిగినా బుస్సుమని రెండు చుక్కలు చిమ్మి దానంతటదే మూసుకుపోయేది. ఆ ధైర్యంతో వెంట ట్యూబ్ తీసుకెళ్లడం మానేశాను, అదే తప్పయింది.

మొన్న ఆదివారం వికారాబాద్ రోడ్డు అంచున, పేలిన లారీ టైర్లోంచి రాలిన ఇనుప తీగ ముక్క వెనక టైర్‌లో గుచ్చుకుంది. పీకగానే సీలెంట్ తెల్లగా ఫ్రేమంతా చిందింది. చిల్లు మహా అయితే 2 ఎంఎం. అయినా గాలి మూడొంతులు పోయాక గానీ ఆగలేదు. మళ్లీ 60 పీఎస్ఐ దాటించి కొడితే అక్కడే లీకవుతోంది. ఇంటికొచ్చి విప్పితే లోపల మీగడలా గడ్డకట్టిన రబ్బరు, కాస్త తడి, అంతే. ఎండలకు ఆరిపోయినట్టుంది.

నా బరువు 74 కిలోలు, ఇప్పటిదాకా 85 పీఎస్ఐ పెడుతున్నాను. అంత ప్రెషర్ వల్లే సీలెంట్ నిలవట్లేదా? 65కి దించనా? మన వేసవిలో మీరు ఎన్ని వారాలకోసారి పోస్తున్నారు? ఈ చిల్లుకి బయటి నుంచి దూర్చే రబ్బరు ప్లగ్ సరిపోతుందా, లోపల ప్యాచ్ కూడా వేయాలా? పంక్చర్ షాపతను స్కూటర్ సీలెంట్ పోసేద్దామన్నాడు, ప్రస్తుతానికి వద్దన్నాను. ఎవరైనా సైకిల్‌కి అది వాడి చూశారా?