క్షిపణులు, డ్రోన్లు ఉండంగ పారా కమాండోలు ఇంకెందుకు?

కృష్ణపట్టె (దేవరకొండ):

2016 సెప్టెంబర్ల ఉరి దాడి అయినంక మన పారా కమాండోలు నడుసుకుంట నియంత్రణ రేఖ దాటిపోయి కొట్టి వచ్చిండ్రు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్‌ల తొమ్మిది చోట్ల కొట్టినం, మన కాలు అవతల పడలే. మా దిక్కు పొద్దుగాల గ్రౌండ్‌ల ఉరికే పిల్లలల్ల సగం మంది మనసుల ఉన్నది ఒక్కటే, పారా కమాండోలు పెట్టుకునే బలిదాన్ బ్యాడ్జి. ఇప్పుడు వాళ్లలోనే పంచాది. బటన్ నొక్కితే పని అయితుంటే మనిషి ఎందుకు పోవాలె, ఇంకో పదేండ్లకు ఈ దళాలే ఉండయి అని కొందరు అంటున్నరు.

పనిల పని ఇంకో రెండు అడుగుత. గ్రేహౌండ్స్, ఎన్‌ఎస్‌జీ, పారా, మార్కోస్ అన్నిటినీ ఒక్కతీరుగనే మాట్లాడుతరు, నిజంగ ఒకటేనా? నాగార్జునసాగర్ డ్యామ్ అసొంటి వాటికి ఈ కమాండోలనే కావలి పెడితే అయిపోదా? సినిమా ముచ్చట్లు వద్దు, లెక్కతోని చెప్పుండ్రి.

మెరూన్ టోపీ (నల్లగొండ):

అన్నా, సిందూర్‌తోని పోల్చి చూడాల్సింది 2016ను కాదు, 2025 జూలైని.

సిందూర్‌ల కొట్టిన ఉగ్ర శిబిరమంటే భవనం. ఉపగ్రహం ఫొటో తీస్తది, అక్షాంశం రేఖాంశం రాసుకుంటరు, నెల తర్వాత కూడా అది అక్కడనే ఉంటది. క్షిపణికి కావాల్సింది గదే. పహల్గాంల ఏప్రిల్ 22న 26 మందిని చంపినోళ్లు మాత్రం భవనంల లేరు, అడవిల తిరుగుతున్నరు. వాళ్లు దొరికేసరికి మూడు నెలలు పట్టింది. జూలై 28న శ్రీనగర్ పక్కన దాచిగాం అడవిల పారా కమాండోలు, సీఆర్పీఎఫ్, జమ్మూకశ్మీర్ పోలీసులు కలిసి ముగ్గురిని మట్టుబెట్టిండ్రు. ఆపరేషన్ మహాదేవ్ అంటే అదే. అసలు సంగతి ఆ తర్వాతది. అక్కడ దొరికిన మూడు తుపాకులను రాత్రికి రాత్రే విమానంల చండీగఢ్ ల్యాబుకు పంపి, కాల్చి చూసి, ఆ ఖోకాలను (కాల్చినంక మిగిలే ఖాళీ తూటా గొట్టాలను) పహల్గాంల ఏరిన ఖోకాలతోని పోల్చిండ్రు. కలిసినయి. మరుసటి రోజు హోంమంత్రి పార్లమెంటుల చెప్పింది గిదే. అదే చోట బాంబు వేసి ఉంటే, చచ్చింది ఎవరో తేల్చనీకి పనికొచ్చే తుపాకీ మిగిలేదా?

ఇంకొకటి సముద్రంల జరిగింది. సోమాలియా దొంగలు 2023 డిసెంబర్‌ల రూయెన్ అనే సరుకు ఓడను ఎత్తుకపోయిండ్రు. ఓడను ముంచాలంటే మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ కోల్‌కతాకు ఎంతసేపు పని? కాని లోపల 17 మంది సిబ్బంది బందీలు. 2024 మార్చి 16న సీ-17 విమానం సుమారు 2,600 కి.మీ. పోయి, రెండు రబ్బరు పడవలను, 18 మంది మార్కోస్‌ను (నౌకాదళ కమాండోలను) పారాచూట్లతోని సముద్రంల దింపింది. మొత్తం 40 గంటల పని. 35 మంది దొంగలు లొంగిండ్రు, 17 మంది క్షేమం.

ఇప్పుడు ఆ 18 మంది వెనుక ఏమున్నదో చూడు. కోల్‌కతా, సుభద్ర రెండు నౌకలు, పీ-8ఐ గస్తీ విమానం, ఎత్తుల ఎగిరే డ్రోన్, సీ-17. మీ పిల్లలు డ్రోన్‌ను కమాండోకు పోటీ అనుకుంటున్నరు. అక్కడ డ్రోన్ లేకపోతే ఆ 18 మంది గుడ్డిగ దూకాల్సి వచ్చేది.

పేర్ల ముచ్చట. సైన్యానికి పారా ఎస్‌ఎఫ్ (పారా కమాండోలంటే వీళ్లే), నౌకాదళానికి 1987ల పుట్టిన మార్కోస్, వాయుసేనకు 2004ల వచ్చిన గరుడ్. సైనిక ప్రత్యేక దళాలంటే ఈ మూడే. ఎన్‌ఎస్‌జీ 1984ది, హోంశాఖ కింద ఉంటది. దాంట్ల నేరుగ భర్తీ ఉండదు, సైన్యం నుంచి, కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తరు. హైజాక్, బందీలు, నగరంల ఉగ్రదాడి దాని పని. 2008 నవంబర్ 26న ముంబై మీద దాడి అయిననాడు ఢిల్లీ దగ్గరి మానేసర్ల ఉన్న ఎన్‌ఎస్‌జీ కమాండోలకు ఢిల్లీల విమానం లేదు, ఐఎల్-76 చండీగఢ్ నుంచి రావాల్సి వచ్చింది, ముంబైల దిగేసరికి తెల్లారబోతున్నది. దాని దెబ్బకే 2009ల ముంబై, చెన్నై, కోల్‌కతాతో పాటు మన హైదరాబాద్‌ల కూడా ఎన్‌ఎస్‌జీ హబ్ పెట్టిండ్రు. గ్రేహౌండ్స్ పూర్తిగ రాష్ట్ర పోలీసు, నక్సలైట్ల మీద పోరాడనీకి 1989ల పోలీసు అధికారి కె.ఎస్.వ్యాస్ తయారు చేసిన దళం.

సాగర్ మాట ఎత్తినవు. కావలి అంటే ఒక్క జాగాల 24 గంటలు, 365 రోజులు. ఒక్క పోస్టుకు మూడు షిఫ్టులు, సెలవులు, జబ్బులు కలిపితే తక్కువల తక్కువ ఐదుగురు కావాలె. పారాచూట్ దూకుడు, రాత్రిపూట కాల్చుడు నెలల తరబడి చెయ్యకపోతే చేతికి తుప్పు పడతది. 2023 నవంబర్ల నీళ్ల గొడవ అయినప్పుడు డ్యామ్ మీదికి సీఆర్పీఎఫ్ వచ్చింది. అది సరైన మనిషికి సరైన పని.

డిండి వాగు (అచ్చంపేట):

పైన అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుత. ప్రత్యేక దళం చేసే పనిల కాల్చుడు చిన్న భాగం. ఎక్కువ భాగం మోసుడు, కదలకుంట కూసునుడు.

నల్లమల తీరు రాతినేల, ఏప్రిల్ ఎండ అనుకోండ్రి. నలుగురు మనుషులు ఒక గుట్ట మీద కూసొని కింద బాటను ఐదు రోజులు చూడాలె. మనిషికి రోజుకు ఆరు లీటర్ల నీళ్లు వేసుకున్నా ఐదు రోజులకు 30 లీటర్లు, అంటే నీళ్ల బరువే 30 కిలోలు. తుపాకీ, తూటాలు, రేడియో, దానికి స్పేర్ బ్యాటరీలు, రాత్రిచూపు దుర్బిణి, మందుల సంచి కలిపితే ఇంకో 20 నుంచి 25 కిలోలు. 55 కిలోలు ఎత్తుకొని రాత్రిపూట చప్పుడు లేకుంట గుట్ట ఎక్కుడు అయ్యే పని కాదు. కాబట్టి ముందే వేరే దళం వచ్చి నీళ్లు దాచిపెట్టాలె, లేకుంటే రోజులు తగ్గించాలె, లేకుంటే వాగు దగ్గరికి దిగాలె. వాగు దగ్గర ఎదుటోడు కూడా కాపు కాస్తడు. ఇట్లాంటి పనులు ఎక్కువగ చెడేది ఇక్కడనే. గుట్ట మీద కూసున్న నలుగుర్ల ఒకరు చూస్తుంటరు, ఒకరు రేడియో పట్టుకుంటరు, ఇద్దరు పడుకుంటరు. ఇద్దరే పోతే రెండో రాత్రికే కళ్లు మూతపడతయి.

అవాంతరాలు ఎట్ల వస్తయో పాతవి చూస్తే తెలుస్తది. 1987 అక్టోబర్ 11 రాత్రి శ్రీలంకల జాఫ్నా యూనివర్సిటీ మీదికి హెలికాప్టర్లల్ల మన 10వ పారా కమాండో బెటాలియన్ వాళ్లను, 13వ సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ వాళ్లను దింపిండ్రు. ఎల్‌టీటీఈ (తమిళ పులులు) మన రేడియో మాటలు ముందే విన్నది, దిగే జాగా చుట్టూ తుపాకులు పెట్టుకొని కూసున్నది. హెలికాప్టర్లకు తూటాలు తగిలి తర్వాతి విడతలు దిగలేకపోయినయి. దిగిన 30 మంది సిక్ జవాన్లల్ల 29 మంది పోయిండ్రు, ఒక్కడు బందీగ చిక్కిండు. ధైర్యం లేక కాదు. రహస్యం పోయింది, వెనుక బలం రాలే.

2008 జూన్ 29న ఒడిశా చిత్రకొండ జలాశయంల గ్రేహౌండ్స్ ఎక్కిన లాంచీ మీద గుట్టల మీది నుంచి మావోయిస్టులు కాల్పులు జరిపిండ్రు, 38 మంది చనిపోయిండ్రు. అడవిల చిన్న దళాలుగ, నడక మీద, పోయిన బాటల మళ్ల రాకుంట తిరుగుడు గ్రేహౌండ్స్ సూత్రం. ఆ రోజు అందరూ ఒక్క పడవల, పగటిపూట, దాసుకోనీకి చెట్టు చాటు లేని నీళ్ల మీద ఉండిరి. సూత్రం తప్పింది ఆ ఒక్క ప్రయాణంలనే.

అమెరికావోళ్లది ఇంకో తీరు. 1980 ఏప్రిల్ల ఇరాన్‌ల చిక్కిన తమ బందీలను విడిపించనీకి ఎనిమిది హెలికాప్టర్లతోని బయల్దేరిండ్రు, తక్కువల తక్కువ ఆరు కావాలని లెక్క. ఇసుక దుమ్ముకు, మరమ్మతులకు ఐదే మిగిలినయి. ఆపరేషన్ ఆపి తిరిగిపోయేటప్పుడు ఒక హెలికాప్టర్ విమానాన్ని గుద్ది ఎనిమిది మంది చనిపోయిండ్రు. త్రివిధ దళాల ప్రత్యేక బలగాలన్నీ ఒక్క కమాండ్ కిందికి తేవాలని 1987ల వాళ్లు చేసుకున్న ఏర్పాటుకు మూలం అదే. మనకు ఆ తరహా ఉమ్మడి విభాగం 2019ల వచ్చింది.

ఇక 2011ల పాకిస్తాన్ అబొటాబాద్‌ల బిన్ లాడెన్ ఇంటి మీద అమెరికా కమాండోల దాడి. సాధన కోసం కట్టిన నకలు ఇంటి చుట్టూ ఇనుప జాలి కంచె వేసిండ్రు. అసలు ఇంటికి ఎత్తైన గోడ. జాలిలకెళ్లి గాలి పోతది, గోడ గాలిని మళ్ల పైకి తిప్పి కొడతది. దానికి అనుకున్నదాని కంటె ఎక్కువున్న గాలి వేడి కూడా తోడై ఒక హెలికాప్టర్ కూలింది. నకలుల చిన్న తేడా ఎంత ఖరీదో చూడుండ్రి.

కృష్ణపట్టె (దేవరకొండ):

మస్తు సమజైంది, ఇద్దరికీ దండం. ఇంకొక్కటి. ఇప్పుడు అందరి దగ్గర థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్లు ఉన్నయి కద, ఆ నలుగురు గుట్ట మీద ఎట్ల దాసుకుంటరు? మా పిల్లలు గిట్ల పారా ఎస్‌ఎఫ్‌కు పోవాలంటే మొదటి మెట్టు ఏంది?

మెరూన్ టోపీ (నల్లగొండ):

థర్మల్ కెమెరా చూసేది వేడిని కాదు తమ్మీ, వేడిల తేడాను. మన దిక్కు నల్లరాతి గుట్టలు పగలంత కాగి రాత్రి బాగ పొద్దుపోయేదాక వేడి పట్టుకుంటయి. పొద్దుగూకిన కాసేపటికి రాయి వేడి, మనిషి వేడి దగ్గరికి వస్తయి. ఆ గడియల కెమెరాల మనిషి సరిగ తేలడు. కదలాల్సింది అప్పుడే. లడఖ్ అసొంటి చలినేలల మాత్రం మనిషి దీపం లెక్క మెరుస్తడు, అక్కడ బండల సందుల, పైన కప్పుతోని, కప్పుకు ఒంటికి నడుమ గాలి ఉండేటట్ల పండాలె. కప్పు ఒంటికి ఆనితే కాసేపట్ల అదీ వేడెక్కుతది. చిన్న క్వాడ్‌కాప్టర్ బ్యాటరీ 30, 40 నిమిషాలకు అయిపోతది, కాబట్టి అది ఎప్పుడు వస్తది, ఎప్పుడు పోతది అని రెండు రోజులు రాసుకుంటె దాని టైం దొరుకుతది. పెద్ద డ్రోన్ల ముందు మాత్రం ఈ లెక్క నడవది.

పిల్లలకు చెప్పు, పారా ఎస్‌ఎఫ్‌కు వీధిలకెళ్లి నేరుగ దారి లేదు. ముందు సైన్యంల చేరాలె, తర్వాత తనంతట తను చెయ్యి ఎత్తాలె, ప్రొబేషన్ల నిలబడాలె. అక్కడ 10, 20, 30, 40 కి.మీ. స్పీడ్ మార్చ్‌లు ఉంటయి, వచ్చినోళ్లల్ల ఎక్కువమంది వెనక్కి పోతరు. ఆఫీసర్ అయినా అదే ప్రొబేషన్. పారాచూట్ దూకుడు ఆగ్రాల నేర్పుతరు, మామూలు కోర్సుకు ఐదు దూకుళ్లు, అందుల ఒకటి రాత్రిపూట.

మొదటి మెట్టు అగ్నివీర్. రాత పరీక్ష ముందు, ర్యాలీ తర్వాత. 1.6 కి.మీ. పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60 మార్కులు, పది పులప్స్‌కు 40. నాలుగేండ్ల తర్వాత రెగ్యులర్‌కు తీసుకునేది 25 శాతం వరకే, ఈ మాట ఇంట్ల ముందే చెప్పి పోవాలె.

డిండి వాగు (అచ్చంపేట):

మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు పిల్లలైతే మెడికల్ సంగతి ఇప్పుడే చూసుకోండ్రి. నీళ్ల ఫ్లోరైడ్ పండ్లను, మోకాళ్లను పట్టి ఉంటది. మోకాళ్లు ఆనించి నిలబడితే చీలమండల నడుమ 5 సెం.మీ. కంటె ఎక్కువ సందు ఉంటె తీసుకోరు. పండ్లకు 14 డెంటల్ పాయింట్లు రావాలె. రెండేండ్లు ఉరికినంక మెడికల్ల తెలుసుడు కంటె ముందే జిల్లా దవాఖానల ఎముకల డాక్టర్‌కు చూపిచ్చుకోవాలె.

ఇంకోటి, తారు రోడ్డు మీద రోజూ ఉరకకుండ్రి. పిక్క ఎముకకు సన్న చీలిక వస్తది, రెండు నెలలు మంచం పట్టిస్తది. మట్టి గ్రౌండ్ ఉంటే మంచిది, వారానికి పది శాతం కంటె దూరం పెంచొద్దు. బరువు సంచితోని ఉరుకుడు ఇప్పుడే అవసరం లేదు. ముందు పరుగు నిలకడగ రావాలె, సంచి తర్వాత సైన్యంల వాళ్లే ఎత్తిస్తరు.